నెమలిని స్పానిష్‌లో ఏమంటారు?



పోయిన నెల గోడపత్రికలో నేను దోమల గురించి రాశాను. చాలామంది నిలబడి చదివారు. ఆరో తరగతి చెల్లెళ్ళు రెండు తప్పులు కూడా పట్టుకున్నారు, వాళ్ళకి థాంక్స్. ఈ నెల వేరే సంగతి. స్పానిష్ భాషలో జంతువుల పేర్లు ఎలా నేర్చుకోవాలో రాస్తున్నాను. "మనమేమన్న స్పెయిన్ పోతున్నమా?" అని నా పక్క మంచం అమ్మాయి నవ్వింది. పోవట్లేదు. అయినా చదవండి. చివర్లో మీ అందరికీ ఒక పని పెట్టాను.

ముందుగా ఇది నాకెలా వచ్చిందో చెప్తాను. మన ఇంగ్లీషు మేడం వాళ్ళ చెల్లెలు హైదరాబాద్‌లో ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో స్పానిష్ చదివింది. దసరా సెలవులకు ముందు వారం రోజులు మేడం దగ్గర ఉంది. సాయంత్రం ఆటలయ్యాక, స్టడీ అవర్ గంట కొట్టేలోపు వేపచెట్టు కింద మాకు నేర్పింది. మేము ఆమెను అక్కా అనేవాళ్ళం. అక్క దగ్గర ఒక బొమ్మల పుస్తకం ఉండేది. పేజీకి ఒక జంతువు, కింద దాని పేరు.

స్పానిష్ అంటే స్పెయిన్ దేశపు భాష. కానీ స్పెయిన్‌లో కంటే బయటే దాన్ని ఎక్కువ మంది మాట్లాడతారు. మెక్సికో, పెరూ, చిలీ, అర్జెంటీనా, క్యూబా... ఇట్లా 20 దేశాల్లో అది అధికార భాష. సోషల్ మేడం రూములో ఉన్న ప్రపంచ పటంలో చూడండి, స్పెయిన్ ఎంత చిన్నగా ఉంటుందో. 1492లో కొలంబస్ ఓడలు అమెరికా వైపు పోయాయి కదా, ఆ తర్వాతే ఈ భాష అక్కడ పాకింది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

మొదటి రోజు నేను తెలివి చూపించబోయి దెబ్బతిన్నాను. అక్క రాకముందే పుస్తకంలోని పేర్లన్నీ ఇంగ్లీషు చదివినట్టే చదివి నోట్సులో రాసుకున్నాను. ఆవు - వాకా. కోడిపెట్ట - గల్లినా. గొర్రె - ఒవేజా. చీమ - హోర్మిగా. సాలీడు - అరానా. గట్టిగా చదివి వినిపించాను. అక్క నవ్వాపుకుని, "అయిదుకి అయిదూ తప్పే. ఇంగ్లీషును పక్కన పెట్టు. తెలుగు అక్షరాలతో రాసుకో" అంది.

అదే అసలు కిటుకు. స్పానిష్‌వాళ్ళూ ఇంగ్లీషు అక్షరాలే వాడతారు గానీ పలికేది వేరు. 'వి' అక్షరాన్ని 'బి' లాగే పలుకుతారు. కాబట్టి ఆవు బాకా. రెండు 'ఎల్' లు పక్కపక్కన వస్తే చాలా దేశాల్లో 'య' అంటారు. కాబట్టి కోడిపెట్ట గయీనా, గుర్రం కబాయో. 'జె' అక్షరం వస్తే గొంతులోంచి 'హ' అనాలి. అంటే గొర్రె ఒబేహా, కుందేలు కొనేహో, తేనెటీగ అబేహా. 'హెచ్' ఉన్నా లేనట్టే, దాన్ని పలకరు. కనుక చీమ ఒర్మీగా.

ఇంక సాలీడు. ఇంగ్లీషు 'ఎన్' మీద చిన్న అల లాంటి గీత ఉంటుంది. నేను దాన్ని అచ్చుతప్పు అనుకున్నాను. అది వేరే అక్షరమట. దానికి సరైన అక్షరం ఇంగ్లీషులో లేదు, మన దగ్గర ఉంది. ఏదో చెప్పండి? 'ఞ'! ఒకటో తరగతిలో "చ ఛ జ ఝ ఞ" అని పాడి వదిలేశాం. 'జ్ఞానం' అన్నప్పుడు వత్తుగా తప్ప మళ్ళీ రాసింది లేదు. సాలీడు అరాఞా. ఇన్నేళ్ళకి పాపం ఆ అక్షరానికి పని దొరికింది.

ఇంకోటి కూడా అంతే. కుక్కను పెర్రో అంటారు, కానీ మామూలు 'ర' కాదు. నాలుక అదరాలి, బండి చక్రం రాళ్ళ మీద పోయినట్టు. మామూలు 'ర' తో పెరో అంటే 'కానీ' అని అర్థం! తెలుగు మేడంని అడిగితే పాత పుస్తకాల్లో 'ఱ' అని ఒక అక్షరం ఉండేదని, దాన్ని బండి ర అంటారని బోర్డు మీద రాసి చూపించారు. అందుకే నా నోట్సులో కుక్కను పెఱ్ఱో అని రాసుకున్నాను. రాయగానే నాలుక దానంతట అదే అదిరింది. మీరూ ప్రయత్నించండి, ప్రార్థన టైములో మాత్రం వద్దు.

'ట' లేదు, 'డ' లేదు. అన్నీ 'త', 'ద' లే. పిల్లి గాతో, బాతు పాతో, ఎద్దు తోరో, తాబేలు తొర్తూగా. నా మట్టుకు నాకు ఇంగ్లీషు చదవడం కంటే స్పానిష్ చదవడమే తేలిక అనిపించింది. ఇంగ్లీషులో ఒకే అక్షరం ఒక్కో మాటలో ఒక్కో రకంగా పలుకుతుంది. ఇందులో అ, ఎ, ఇ, ఒ, ఉ అని అయిదే అచ్చులు, ఎక్కడున్నా అదే పలుకుడు. ఇంగ్లీషు మేడం ఇది చదివితే ఏమంటారో తెలియదు.

గుర్తు పెట్టుకోవడానికి మేము వెతుక్కున్న దారులు కొన్ని. గాడిద బుఱ్ఱో. ఇది ఎవరూ మర్చిపోరు. మూడు రోజులు హాస్టలంతా "నీ బుఱ్ఱో" అనే తిట్లే. ఎలుగుబంటి ఓసో. అది ఎదురైతే "ఓసోసి నువ్వా" అంటూ పరుగెత్తాలన్నమాట. కోతి మోనో, మేక కాబ్రా, తోడేలు లోబో, సింహం లెయోన్, పులి తీగ్రె, పాము సెర్పియెంతె, ఎలుక రతోన్, సీతాకోకచిలుక మరిపోసా. అన్నిట్లో నాకు నచ్చింది మరిపోసా. చెప్తుంటేనే ఎగురుతున్నట్టు ఉంటుంది.

దోమ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఈగను మోస్కా అంటారు. ఏదైనా చిన్నదైతే పేరు చివర 'ఈతో' చేరుస్తారు. కుక్కపిల్ల పెఱ్ఱీతో, పిల్లికూన గాతీతో. మరి చిన్న ఈగ? మోస్కీతో! ఇంగ్లీషులో మనం మస్కిటో అని రాసేది ఇదే. ఇంగ్లీషువాళ్ళు స్పానిష్ నుంచి తీసుకున్నారు. పోయిన నెల దోమల గురించి రెండు షీట్లు రాశాను గానీ ఈ ముక్క నాకప్పుడు తెలియదు.

ఈ భాషలో ప్రతి పేరూ మగదో ఆడదో అయి తీరాలి. మగ పేరు ముందు ఎల్, ఆడ పేరు ముందు లా పెడతారు. ఎల్ గాతో అంటే మగపిల్లి, లా గాతా అంటే ఆడపిల్లి. ఎల్ గాయో పుంజు, లా గయీనా పెట్ట. ఇంతవరకు బాగానే ఉంది. కానీ కప్ప ఎప్పుడూ ఆడదే - లా రానా. పాము, సాలీడు, చీమ కూడా ఆడవే. మగపాము అని చెప్పాలంటే "లా సెర్పియెంతె మాచో" అనాలి, అంటే మగ ఆడపాము అన్నట్టు! మనకు హాయి. తెలుగులో కుక్కయినా కప్పయినా 'అది' అంటే అయిపోతుంది.

చేపకు రెండు పేర్లున్నాయి. నీళ్ళల్లో ఈదుతుంటే పెస్. పట్టి ఒడ్డున పడేశాక పెస్కాదో. కోడి కూడా అంతే. దొడ్లో తిరిగేది గయీనా, మనకు కంచంలోకి వచ్చేది పోయో. పోయేది కాబట్టి పోయో అని ఎనిమిదో తరగతి వాళ్ళు చెప్పుకుంటున్నారు. అది నిజం కాదు, కానీ గుర్తుంటుంది.

అరుపులు కూడా మారతాయి. మన పుంజు కొక్కొరొకో అంటుంది, వాళ్ళది కికిరికీ. మన కుక్క భౌ భౌ, వాళ్ళది గ్వావ్ గ్వావ్. పిల్లి మాత్రం ఎక్కడైనా మ్యావే.

సెలవులిచ్చేలోపు నాకు 43 పేర్లు వచ్చాయి. చేతిలో నోట్సు పట్టుకుని గొప్పగా ఇంటికి పోయాను.

మా ఇంట్లో మేం గోండి మాట్లాడతాం. దీపావళికి మా ఊళ్ళో దండారి. మా తాత వయసులో ఉన్నప్పుడు గుస్సాడీ వేసేవాడు. ఆ నెమలి ఈకల టోపీ ఇప్పటికీ ఇంట్లో భద్రంగా ఉంది. పండగకు దాన్ని బయటికి తీసి పూజ చేస్తారు. తాత దాని దుమ్ము దులుపుతూ నా నోట్సులో బొమ్మలు చూశాడు. ఆయన గోండిలోనే అడిగాడు, నేను తెలుగులో రాస్తున్నాను.

"నయిని ఏమంటరు వాళ్ళు?"

కుక్కను మేం నయి అంటాం. "పెఱ్ఱో" అన్నాను.

"కొర్‌ని?"

"గయీనా."

"మీన్‌ని?"

"నీళ్ళల్ల ఉంటే పెస్. పట్టుకుంటే పెస్కాదో."

తాతకు ఇది మహా నచ్చింది. పట్టుకున్నదానికి వేరే పేరు పెట్టినవాళ్ళు చేపలు బాగా తినేవాళ్ళే అయ్యుంటారన్నాడు. తర్వాత చేతిలోని టోపీ చూపించి అడిగాడు, "మరి మల్‌ని?"

మల్ అంటే నెమలి. నా 43లో నెమలి లేదు. తెలియదన్నాను. తాత నవ్వి వాకిట్లో చింతచెట్టు కొమ్మ మీద తోక ఆడిస్తున్న ఒక చిన్న పిట్టను చూపించాడు. "సరే, దాన్ని మనం ఏమంటం?"

నాకు రాలేదు. గోండిలో రాలేదు, తెలుగులో కూడా రాలేదు. తాత పేరు చెప్పాడు. రెండుసార్లు చెప్పించుకున్నాను. సాయంత్రానికి మర్చిపోయాను. మళ్ళీ అడగడానికి సిగ్గేసింది.

ఎందుకు రాలేదో నాకు తెలుసు. ఈ సంగతి ఎప్పుడూ ఎవరితో చెప్పలేదు. మూడో తరగతిలో నేను వేరే బడిలో ఉండేదాన్ని. చార్టు మీద నెమలి బొమ్మ చూపించి ఇదేంటి అని అడిగారు. నాకు చప్పున వచ్చేసింది. లేచి నిలబడి "మల్" అన్నాను. "మల్లెపువ్వా?" అని ఎవరో అన్నారు, అందరూ నవ్వారు. ఆ మాటలు ఇంట్లో పెట్టి రావాలని కూడా చెప్పారు. నేను నిజంగానే ఇంట్లో పెట్టి వచ్చాను. తర్వాత హాస్టళ్ళలో పడ్డాక ఇంటికి పోయేదే ఏడాదికి రెండు మూడుసార్లు. అక్కడ పెట్టినవి అక్కడే ఉండిపోయాయి.

సరే, నెమలి దగ్గరికి వద్దాం. బడి తెరిచాక మేడం ఫోన్లో అక్కతో మాట్లాడాను. నెమలిని స్పానిష్‌లో పాబో రెయాల్ అంటారంది. పాబో అంటే టర్కీ కోడి, రెయాల్ అంటే రాజుగారిది. అంటే నెమలి పేరు "రాజుగారి టర్కీ కోడి"! నాకు కోపం వచ్చింది. మన జాతీయ పక్షిని, 1963 నుంచీ జాతీయ పక్షి అది, దాన్ని పట్టుకుని కోడి అంటారా?

అక్క చెప్పిన కథ ఇది. నెమలి మన దేశపు పక్షి. ఎప్పుడో వేల ఏళ్ళ కిందటే ఇక్కడి నుంచి ఐరోపాకు పోయింది. పాత లాటిన్ భాషలో నెమలి పేరే పావో. ఆ మాటే స్పానిష్‌లోకి వచ్చింది. తర్వాత స్పెయిన్ వాళ్ళు మెక్సికోకు పోయి టర్కీ కోడిని చూశారు. వాళ్ళ దేశంలో అది లేదు. తోక విసనకర్రలా విప్పుతుంది కదా, అందుకని తమకు తెలిసిన నెమలి పేరే దానికి పెట్టేశారు. అటు కోడి మాంసం అందరూ తినసాగారు, పేరు దానికే అతుక్కుపోయింది. అసలు నెమలికి పేరు లేకుండా పోయి, "రాజుగారిది" అని తోక తగిలించాల్సి వచ్చింది.

మరి టర్కీ కోడికి అంతకుముందు పేరు లేదా? ఉంది. మెక్సికోలో అది ఎప్పటినుంచో పెంపుడు పక్షి. అక్కడి నావా జనం భాష పేరు నావాత్ల్. ఆ భాషలో దాని పేరు వెషోలోత్ల్. మెక్సికోలో ఇప్పటికీ స్పానిష్ మాట్లాడుతూనే దాన్ని గ్వాహొలోతె అంటారు. అది ఆ పాత మాటే, కొంచెం అరిగింది. (దానికి టర్కీ దేశంతో ఏ సంబంధమూ లేదు. ఫ్రెంచి వాళ్ళయితే ఇంకా అన్యాయం, "ఇండియాది" అనే అర్థం వచ్చే పేరు పెట్టారు.)

అప్పటినుంచి నాకు పేర్లు చూసే పద్ధతే మారిపోయింది. ఏ పేరు ఓడలో వచ్చింది, ఏ పేరు అక్కడే పుట్టింది అని వెతకడం మొదలుపెట్టాను. అక్కను ఫోన్లో బాగా విసిగించాను.

అమెరికా ఖండంలో అప్పుడు గుర్రాలు లేవు, ఆవులు లేవు. కొలంబస్ 1493లో రెండోసారి పోయినప్పుడు ఓడల్లో ఎక్కించుకుపోయాడు. 1519లో కోర్తెస్ అనే స్పెయిన్ దళపతి 16 గుర్రాలతో మెక్సికోలో దిగాడు. నావా వాళ్ళు ఎప్పుడూ గుర్రాన్ని చూసి ఉండలేదు. ఏమన్నారో తెలుసా? మసాత్ల్ అన్నారు. అంటే జింక! మనుషులను వీపు మీద మోసే పెద్ద జింకలు అనుకున్నారు. స్పెయిన్ వాళ్ళు టర్కీ కోడిని నెమలి అనడమూ వీళ్ళు గుర్రాన్ని జింక అనడమూ ఒకటే. తెలియనిది ఎదురైతే ఎవరైనా తెలిసిన పేరే పెడతారు. కాకపోతే ఒకరి పేర్లు పుస్తకాల్లోకి ఎక్కాయి.

అక్కడ పులులు కూడా లేవు. మచ్చలున్న పెద్ద జంతువు ఒకటుంది, జాగ్వార్. స్పెయిన్ వాళ్ళు దాన్ని తీగ్రె అన్నారు. పల్లెల్లో ఇప్పటికీ చాలాచోట్ల అట్లాగే అంటారు. నిజమైన తీగ్రె మన కవ్వాల్ అడవిదే. జాగ్వార్ అనే మాట దక్షిణ అమెరికాలోని టూపీ, గ్వారానీ భాషలది.

పెరూ దేశం కొండల్లో కెచువా అనే భాష ఉంది. మనకి తెలియకుండానే మనం కెచువా మాటలు వాడుతున్నాం. పూమా ఆ భాషదే. కోందోర్ అనే పెద్ద రాబందు పేరు కూడా. బరువులు మోసే యామా కూడా (మన పుస్తకాల్లో లామా అని ఉంటుంది). స్పెయిన్ వాళ్ళకు ఈ జంతువులు కొత్త, అందుకని అక్కడివాళ్ళ పేర్లే తీసుకున్నారు. ఇళ్ళల్లో పెంచుకుని తినే చిన్న జంతువు ఒకటుంది, గినీ పంది అంటాం. దాని పేరు అక్కడ కుయ్. అది అట్లాగే అరుస్తుందట. స్పెయిన్‌లోనేమో దానికి "ఇండీస్ కుందేలు పిల్ల" అని అర్థం వచ్చే బారెడు పేరు. కుయ్ ఎంత బాగుంది!

ఇంకా తమాషా ఏంటంటే, కెచువాలో ఆవును వాకా అంటారు. అది స్పానిష్ బాకానే. ఆవు ఓడలో వచ్చింది, పేరు కూడా దానితోనే దిగింది. కుక్కనేమో అల్కో అంటారు. ఆ పేరు వాళ్ళదే. ఎందుకంటే ఓడలు రాకముందు నుంచే వాళ్ళకు కుక్కలున్నాయి. ఏ జంతువు ఎప్పుడొచ్చిందో పేరే చెప్పేస్తుంది. పెరూలో కెచువాను 1975లో అధికార భాషగా కూడా ప్రకటించారు. అయినా బడిలో కెచువా మాట్లాడి నవ్వులపాలైన పిల్లలు అక్కడా ఉన్నారని అక్క చెప్పింది. ఆ మాట విన్నాక నేను కాసేపు ఏమీ అడగలేదు.

ఫోన్ పెట్టేశాక నోట్సులో వెనక పేజీ తీసి గీత కొట్టాను. ఒకవైపు స్పానిష్, ఒకవైపు గోండి. స్పానిష్ వైపు నెమలితో కలిపి 44 అయ్యాయి. గోండి వైపు ఎవరినీ అడక్కుండా రాస్తే 12 వచ్చాయి. మా గదిలో గోండి అమ్మాయిలను అడిగితే ఇంకో 5 కలిశాయి. వేపచెట్టు కింద వారం రోజులు కూర్చుంటే 44 వచ్చాయి. పుట్టినప్పటి నుంచి విన్నవి 17.

ఆదివారం ఇంటికి ఫోన్ చేసే వరసలో నా వంతు వచ్చినప్పుడు తాతను పిలవమన్నాను. ఆ చింతచెట్టు పిట్ట పేరు మళ్ళీ అడిగాను. తాతకు సరిగ్గా వినపడలేదు, "ఏ పిట్ట?" అన్నాడు. తోక ఆడించేది అన్నాను. తోక ఆడించే పిట్టలు నాలుగు రకాలున్నాయట. దేనికి ఏ పేరో చెప్తున్నాడు, ఇంతలో నా వెనకున్నవాళ్ళు టైమైందని అరిచారు. సంక్రాంతికి పోయినప్పుడు నోట్సు తీసుకుపోతాను.

ఇప్పుడు మీ పని. ఈ షీటు పక్కన ఇంకో ఖాళీ డ్రాయింగ్ షీటు అతికించాను. ఏడో తరగతి వాళ్ళు ఎడమ వైపు 30 జంతువుల బొమ్మలు వేసిచ్చారు (తోడేలు బొమ్మ కుక్కలా వచ్చింది, సర్దుకోండి). బొమ్మల పక్కన గడులున్నాయి: గోండి, కొలామి, లంబాడి, మరాఠీ, తెలుగు. స్పానిష్ గడి చివర్న పెట్టాను, అది నేను నింపుతాను. మిగతావి మీరే రాయాలి. ఒకే జంతువుకు మీ ఊళ్ళో వేరే పేరు ఉంటే అది కూడా కింద రాయండి, కొట్టేయొద్దు. రాయడం సరిగ్గా రాదనుకుంటే నాకు చెప్పండి, మీరు ఎట్లా పలికితే అట్లాగే రాస్తాను. 'ఞ', 'ఱ' కూడా సిద్ధంగా ఉన్నాయి.

నెమలి పక్కన గోండి గడిలో 'మల్' అని స్కెచ్ పెన్నుతో నేనే రాశాను. పెన్సిల్‌ను దారంతో మేకుకు కట్టాను. దయచేసి ఎవరూ తెంపుకుపోవద్దు.

- 9వ తరగతి విద్యార్థిని